రెండడుగుల పలక... రెండు ఆటలు

ఒకవైపు వామనగుంటలు. తిప్పితే పులి–మేక. ఎర్రచందనం అక్కర్లేదు, పెద్ద మిషన్లూ అక్కర్లేదు. మామిడి చెక్క ఒకటి, నాలుగు పనిముట్లు, కాస్త ఓపిక ఉంటే ఈ పలకను ఇంట్లోనే చేసుకోవచ్చు. చేసుకుంటూ పోతే మన పాత ఆటల లోగుట్టు కూడా తెలుస్తుంది.

తిరుపతిలో దేవుడు కూడా ఆటగాడే. ఉత్తరాది నుంచి వచ్చిన బావాజీ అనే బైరాగితో వేంకటేశ్వరుడు రాత్రిళ్లు పాచికలాడేవాడని, ఓ రాత్రి ఆట ముగించి వెళ్తూ మెడలోని హారం అక్కడే వదిలేశాడని ఈ ఊళ్లో పిల్లలు కూడా చెబుతారు. బావాజీ మీద దొంగతనం మోపడం, గదినిండా చెరకు గడలు వేసి తెల్లారేలోగా తినమని పరీక్ష పెట్టడం, స్వామి ఏనుగై వచ్చి అంతా నమిలేయడం మిగతా కథ. అలా హథీరాంజీగా పేరుపడ్డ ఆ బావాజీ పేరిట వెలసిన మఠం మహంతులే 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ పాలన చూశారు. 2017లో వచ్చిన ‘ఓం నమో వేంకటేశాయ’ సినిమాకూ ఈ కథే ఆధారం.

భగవంతుణ్నీ బైరాగినీ ఒకే ఎత్తులో ఎదురెదురుగా కూర్చోబెట్టాలంటే ఆ కథకు ఆట తప్ప వేరే దారి దొరకలేదు. ఆటలో ఎవరైనా ఓడిపోవచ్చు మరి!

అలాంటి ఆటల పలకలు కొనుక్కోవాలంటే దొరుకుతాయి. చెన్నైలో వినీతా సిద్ధార్థ 2002లో మొదలుపెట్టిన ‘క్రీడ’ లాంటి సంస్థలు పాత ఆటలను మళ్లీ ఇళ్లకు చేరుస్తున్నాయి. కానీ సొంతంగా చేసుకుంటే, కొన్నప్పుడు దొరకనిది ఒకటి దొరుకుతుంది. గుంట ఎంత లోతు తియ్యాలి? గీత ఎక్కడ ఆపాలి? పావు ఎంత లావుండాలి? ఇవి చూడ్డానికి వడ్రంగం ప్రశ్నలు. నిజానికి ఆట నియమాల ప్రశ్నలు. వాటికి జవాబు తేల్చుకోకుండా ఉలి పట్టలేం. అందుకే పలక చేసినవాళ్లకు ఆట తెలిసినంతగా ఆడినవాళ్లకు కూడా తెలియదు.

ఏ ఆటలు?

వామనగుంటలు తెలియని తెలుగిల్లు ఒకప్పుడు అరుదు. పల్లెల్లో ఓమనగుంటలు అంటారు. సరిహద్దు దాటితే తమిళుల పల్లాంకుళి. వరసకు ఏడు చొప్పున రెండు వరసలు, మొత్తం పద్నాలుగు గుంటలు, ఇద్దరు ఆటగాళ్లు. చింతపిక్కలో గవ్వలో గుంటకు ఐదేసి పోస్తే డెబ్బై అవుతాయి. కొన్ని ఇళ్లలో నాలుగే పోస్తారు, ఇంకొన్ని ఇళ్లలో ఎక్కువ. మన వరసలో ఒక గుంట ఖాళీ చేసి, ఆ పిక్కలను వరసగా గుంటకొకటి చొప్పున వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే పక్క గుంటలోవి ఎత్తుకుని మళ్లీ సాగాలి. పక్క గుంట ఖాళీగా తగిలితే దాని తర్వాతి గుంటలోవి మన సొంతం, ఆట ఎదుటివాళ్లది. చివరికి ఎవరి దగ్గర ఎక్కువ చేరితే వాళ్లు గెలిచినట్టు.

ఈ కుటుంబం చాలా పెద్దది. ఘనా దేశంలో ఆడే ‘ఒవారే’కు వరసకు ఆరు గుంటలు, నలభై ఎనిమిది గింజలు. కజకిస్థాన్‌లో ‘తొగుజ్‌కుమలక్’కు వరసకు తొమ్మిది గుంటలు, నూట అరవై రెండు గుళ్లు. కజకిస్థాన్, కిర్గిజ్‌స్థాన్, తుర్కియే దేశాల్లో ఆడే ఈ తరహా ఆటలను 2020లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మనకు మాత్రం ఇది శివరాత్రికో వైకుంఠ ఏకాదశికో నిద్ర రాకుండా ఆడుకునే ఆటగానే మిగిలింది.

రెండోది పులి–మేక. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు కూడళ్లు. మేకలవాడు ఒక్కో మేకనూ పలక మీదికి దించుతాడు. పులి పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీ కూడలిలోకి దూకితే ఆ మేక పోయినట్టే. పులులు కదలకుండా చుట్టూ కట్టడి చేస్తే మేకలు గెలుస్తాయి. రెండు పక్షాల బలం ఒకటి కాదు, ఎత్తుగడా ఒకటి కాదు. చదరంగంలో లేని రుచి ఇక్కడుంది. దీనికి ప్రత్యేకంగా పలక చేయించుకున్నవాళ్లు తక్కువ. రచ్చబండ మీద బొగ్గుతోనో, గుడి మండపం బండ మీద ఉలితోనో గీసుకునేవారు. హంపీ మండపాల్లో అలా చెక్కిన ఆట గళ్లు నేటికీ కనిపిస్తాయి.

మొదటి ఆటకు గుంటలు కావాలి, రెండో ఆటకు చదునైన పలక కావాలి. అంటే ఒకే చెక్క రెండు ముఖాలకూ పని దొరికినట్టే.

ఏ కర్ర?

తిరుపతిలో కర్ర అనగానే అందరి కళ్లూ శేషాచలం వైపు తిరుగుతాయి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో ఈ దక్షిణ తూర్పు కనుమల్లోనే. దాని చేవ నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువు. దసరా కొలువులో ముందు వరసన నిలబెట్టే ఆడ, మగ బొమ్మల జంట ఈ కర్రదే. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్లే దారిలో, ఏర్పేడు మండలంలోని మాధవమాల కొయ్యశిల్పులకు పేరు తెచ్చిన కర్రల్లోనూ ఇదొకటి. కానీ ఆ చెట్టు మీద పడ్డ గొడ్డళ్ల సంగతి తెలిసిందే. 1995లో సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం దాని వ్యాపారాన్ని నియంత్రణ జాబితాలో పెట్టింది. నరకడానికీ తరలించడానికీ అటవీశాఖ అనుమతులు తప్పనిసరి. కాగితాలు లేని చిన్న ముక్క ఎవరు చవగ్గా ఇస్తామన్నా దాని జోలికి పోవద్దు.

పోవాల్సిన అవసరమూ లేదు. చిత్తూరు జిల్లా అంటేనే మామిడి. తోతాపురి తోటలు, గుజ్జు ఫ్యాక్టరీలు ఈ నేల బతుకులో భాగం. ముదిరి కాపు తగ్గిన చెట్లు కొట్టేసినప్పుడు ఆ కర్ర కోత మిల్లులకు చేరుతుంది. పెట్టెలకూ సెంట్రింగ్ చెక్కలకూ పోయే ఈ కర్రకు వడ్రంగుల దగ్గర పెద్ద మర్యాద లేదు. కానీ గుంటలు తీయడానికి ఉలికి ఇట్టే లొంగుతుంది. లేత గోధుమ రంగులో అక్కడక్కడా నల్లటి చారలు పడి అందంగానూ ఉంటుంది. లోపం ఒకటే, పురుగు. తడి తగిలితే బూజు మరకలూ వస్తాయి. బాగా ఆరిన చెక్క తీసుకుని, చివర్న నూనె, మైనం సరిగా పట్టిస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది.

పురుగు భయం ఇంకా తగ్గాలంటే వేప. బరువుగా ఉంటుంది, పొట్టు చేదుగా ముక్కుకు ఘాటుగా తగులుతుంది కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. పనస పసుపుపచ్చగా మెరుస్తుంది. బొబ్బిలి వీణల కర్ర అదే. చింత చేవ ముదురు రంగులో రాయిలా ఉంటుంది. మాంసం కొట్లలో మొద్దులకు దాన్నే ఎందుకు వాడతారో ఉలి పెట్టి చూస్తే అర్థమవుతుంది. పలకకు వద్దు గానీ పులులకు భేషుగ్గా పనికొస్తుంది. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి మరీ మెత్తన. గుంట అంచులు నిలవవు. ఏటికొప్పాక లక్క బొమ్మల అంకుడు కర్ర మేకల్లాంటి చిన్న పావులకు బాగుంటుంది. అది దొరకడం మాత్రం ఉత్తరాంధ్రలో తేలిక, ఇక్కడ కాదు.

ఏ కర్రైనా పచ్చిది వద్దు. అంగుళం మందానికి ఏడాది ఆరాలన్నది వడ్రంగుల పాత లెక్క. అంత ఆగలేనివాళ్లు మిల్లులో ఆరిన చెక్కే అడగాలి. అయినా ఇంటికి తెచ్చి నీడన, గాలి ఆడేచోట కొన్నాళ్లు ఉంచి, వారానికోసారి తూకం వెయ్యండి. బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. మన దగ్గర ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే ఎండ, అక్టోబరు వచ్చేసరికి ఈశాన్య రుతుపవనాల ముసురు. ఈ రెంటి మధ్యా చెక్క ముడుచుకుంటుంది, ఉబ్బుతుంది. పచ్చి చెక్కలో గుంటలు తీస్తే మే నెలకల్లా పలక బీట వారుతుంది.

కొలత కుదిరితే సగం పని అయినట్టే

మనకు కావలసింది రెండడుగుల పొడవు, అరడుగు వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న పలక. ఈ అంకెలు ఊరికే రాలేదు. గుంట వెడల్పు రెండంగుళాలు. ఏడు గుంటలకు పద్నాలుగు, వాటి మధ్య అరంగుళం చొప్పున ఆరు ఖాళీలకు మూడు, మొత్తం పదిహేడు అంగుళాలు. గెలిచిన పిక్కలు పోసుకోవడానికి రెండు చివరలా ఒక్కో పెద్ద గుంట కావాలి. దానికి రెండున్నర అంగుళాలు, ఇటూ అటూ అరంగుళం చొప్పున కలిపి చివరకు మూడున్నర. రెండు చివరలకూ ఏడు. మొత్తం ఇరవై నాలుగంగుళాలు. అడ్డంగా చూస్తే రెండు గుంటలకు నాలుగు, మధ్యన అర, అంచుల్లో ముప్పావు చొప్పున, వెరసి ఆరు.

ఇక లోతు. ఎంత లోతుంటే అంత మంచిదనిపిస్తుంది. కాదు. ఈ ఆటలో అసలు నేర్పు కంటితో లెక్కపెట్టడం. ఎదుటి గుంటలో ఎన్ని ఉన్నాయో వేలుపెట్టి కదిపి చూడటాన్ని చాలా ఇళ్లలో ఒప్పుకోరు. లోతైన ఇరుకు గుంటలో పిక్కలు ఒకదాని మీద ఒకటి పడి దాక్కుంటాయి, ఆట గుడ్డిదవుతుంది. మరీ లోతు లేకపోతే, ఆట సగంలో ఒకే గుంటలో పదిహేను ఇరవై పోగైనప్పుడు పక్క గుంటలోకి జారి గొడవ మొదలవుతుంది. ముప్పావు అంగుళం లోతులో, అంచు నుంచి అడుగు దాకా పళ్లెంలా వంపు తిరిగిన గుంటైతే ఈ రెండు ఇబ్బందులూ ఉండవు. వేలు వంపు వెంబడి జారి పిక్కలన్నిటినీ ఒక్క ఊపులో ఎత్తుతుంది. ఆట వేగం గుంట వంపులోనే ఉంది.

అంగుళంన్నర మందంలో ముప్పావు గుంటకు పోతే ఇంకో ముప్పావు అడుగున మిగులుతుంది. రెండోవైపు గీతలు చెక్కడానికి అది చాలు.

ఉలి ఎటు నడవాలి?

చెక్కకు రెండువైపులా తోపడా పట్టి నున్నగా చేసుకోండి. మూలమట్టం పెట్టి నడిమి గీతలు గీసి, గుంటల కేంద్రాలు గుర్తు పెట్టి, వృత్తలేఖినితో వలయాలు గియ్యండి. డ్రిల్లింగ్ మిషన్ ఉంటే బిట్టుకు కొన నుంచి ముప్పావు అంగుళం కన్నా కాస్త తక్కువలో టేపు చుట్టి, వలయం నడిమధ్యలో ఆ లోతుకు ఒక రంధ్రం వెయ్యండి. చుట్టూ ఇంకొన్ని రంధ్రాలు, అంచుకు దగ్గరయ్యేకొద్దీ లోతు తగ్గించి వెయ్యండి. చెక్కాల్సింది సగానికి తగ్గుతుంది. మిషన్ లేకపోయినా ఫర్వాలేదు, ఆలస్యమవుతుంది అంతే.

గుంటకు గుండ్రటి అంచున్న ఉలి కావాలి. ఉలి ఎప్పుడూ అంచు నుంచి అడుగుకు నడవాలి, అడుగు నుంచి అంచుకు కాదు. పైనుంచి కిందికి వస్తే చెక్క నారకు కింద ఆసరా ఉంటుంది, పొట్టు శుభ్రంగా లేస్తుంది. కింది నుంచి పైకి తోస్తే నార చీలి, గుంట పెదవి ఊడొస్తుంది. రెండు గుంటల మధ్య ఉన్నది అరంగుళం గోడే కాబట్టి అక్కడ కొయ్యసుత్తి దెబ్బ తగ్గించి, చేతి బలంతోనే లాగాలి. చెక్క కదలకుండా బల్లకు శికంజాతో బిగించాలి. ఉలి నడిచే దారికి ఎదురుగా రెండో చెయ్యి ఎప్పుడూ పెట్టకూడదు.

పద్నాలుగు గుంటలూ ఒకేలా రావాలంటే అట్టముక్కను గుంట వంపుకు తగ్గట్టు అర్ధచంద్రంలా కత్తిరించుకోండి. ప్రతి గుంటలోనూ దించి చూస్తుంటే ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో తెలిసిపోతుంది. ఇది చాదస్తం కాదు. ఒకరి గుంటలు లోతుగా, ఇంకొకరివి లోతు తక్కువగా ఉంటే ఆట మొదలవకముందే ఒకరికి మొగ్గు వచ్చినట్టు. చివరగా పాత టెన్నిస్ బంతికి ఉప్పుకాగితం చుట్టి తిప్పండి. 80 నంబరుతో మొదలుపెట్టి 120, తర్వాత 220. వేలికి గరుకు తగలని దాకా.

తిప్పితే పులులు

పలక తిరగేసి బోర్లించండి. నిడివి వైపు పై అంచుకు సరిగ్గా మధ్యలో, అరంగుళం లోపలికి ఒక చుక్క. అది శిఖరం. అక్కడి నుంచి ఐదంగుళాల కింద పద్దెనిమిది అంగుళాల అడుగు గీత. దాన్ని మూడు సమభాగాలు చేస్తే నాలుగు చుక్కలు వస్తాయి. శిఖరం నుంచి ఆ నాలుగింటికీ నాలుగు గీతలు దించండి. ఇప్పుడు శిఖరానికీ అడుగు గీతకూ మధ్య, అంగుళంపావు ఎడంలో మూడు అడ్డ గీతలు, త్రిభుజం దాటి ఇటూ అటూ సాగేలా ఇరవై రెండంగుళాల పొడవున గియ్యండి. ఆ మూడింటి కొనలను రెండు పక్కలా నిలువు గీతలతో కలపండి. లెక్క చూడండి. శిఖరం ఒకటి, ఒక్కో అడ్డ గీత మీద ఆరేసి చొప్పున పద్దెనిమిది, అడుగున నాలుగు. ఇరవై మూడు.

ఈ గీతల్లో ఏదీ అలంకారం కాదు. గీత ఉంటేనే దారి. ఉదాహరణకు పక్కల్లోని నిలువు గీతలు మర్చిపోయారనుకోండి, అక్కడున్న ఆరు కూడళ్లూ ఒక్కో దారే ఉన్న సందులైపోతాయి. అక్కడికి చేరిన పులిని ఒకట్రెండు మేకలతో మూసెయ్యొచ్చు. ఒక్క గీత ఆట తూకాన్నే మార్చేస్తుంది. అందుకే చెక్కేముందు పెన్సిలు గీతల మీద రెండు మూడు ఆటలు ఆడి చూడండి. తప్పుంటే ఆటలోనే బయటపడుతుంది, రబ్బరుతో చెరిపేసుకోవచ్చు.

సరిపోయిందనుకున్నాక స్కేలు ఆనించి పదునైన కత్తితో గాటు పెట్టి, గాటుకు ఇరువైపుల నుంచీ ఉలి వాల్చి సన్నటి గాడి తియ్యండి. నారకు అడ్డంగా, ఏటవాలుగా పోయే గీతల దగ్గర గాటు లేకుండా ఉలి పెడితే చెక్క పేళ్లు లేస్తుంది. ఉలి మీద నమ్మకం లేనివాళ్లు సోల్డరింగ్ ఐరన్‌తో కాల్చి కూడా గీసుకోవచ్చు. కూడళ్ల దగ్గర చిన్న గుండ్రటి పల్లం తీస్తే పావులు జారవు.

గీతల మధ్య ఎడం అంగుళంపావే కాబట్టి పావు ముప్పావు అంగుళం దాటకూడదు. పులిని మేక కన్నా ఎత్తు చెయ్యండి. దూకేటప్పుడు వేళ్లకు దొరకాలి, చూసేవాళ్లకూ ఎవరెవరో దూరం నుంచే తెలియాలి. ముదురు చింత చేవతో మూడు పులులు, తెల్లటి వేప కొమ్మ ముక్కలతో పదిహేను మేకలు. అంత ఓపిక లేకపోతే మూడు వక్కలు, పదిహేను చింతపిక్కలు. మన పెద్దవాళ్లు ఆడింది వాటితోనే.

మెరుపు వద్దు, నునుపు చాలు

వర్నీసు పూస్తే ఫొటోకు బాగుంటుంది. కానీ గుంటల్లో పిక్కల రాపిడికి పెచ్చులు లేస్తుంది. అవిసె నూనె పల్చగా పట్టించి, పావుగంట ఆగి మిగిలింది తుడిచేసి, పూర్తిగా ఆరాక ఇంకో పూత వెయ్యండి. ఆ పైన తేనెమైనం రుద్దితే చెయ్యి తగిలేకొద్దీ రంగు తేరుతుంది. ఒక్క జాగ్రత్త. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఆరుబయట విప్పి పరిచి ఆరబెట్టాకే పారెయ్యాలి.

ఇవి గుర్తుంచుకోండి

• గురివింద గింజలు ఎర్రగా ముచ్చటగా ఉంటాయి. శ్రీలంకలో ఇదే తరహా ఆటను వాటితోనే ఆడతారు. కానీ ఆ గింజ లోపలిది విషం. నమిలితే ప్రాణాంతకం. పిల్లలున్న ఇంట్లో వద్దు.

• చింతపిక్కలు, గవ్వలు కూడా పసిపిల్లల గొంతులో అడ్డం పడొచ్చు. ఆట కాగానే మూత ఉన్న డబ్బాలో వెయ్యండి.

• చింతపిక్కలను ఒకసారి ఎండలో బాగా ఎండబెట్టి వాడితే పుచ్చవు.

• ఇంటికి చేసుకోవడం వేరు, అమ్మడం వేరు. 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆట వస్తువులకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులకు, భౌగోళిక గుర్తింపు ఉన్న ఉత్పత్తులకు మాత్రం మినహాయింపు ఉంది.

చివరి పని

పలక పూర్తయ్యాక ఒక పక్క అంచు ఇంకా ఖాళీగా ఉంటుంది. అంగుళంన్నర మందం, రెండడుగుల పొడవు. అక్కడ మీ పేరు చెక్కాలనిపిస్తుంది. దానికి బదులు మీ ఇంటి నియమాలు చెక్కండి. గుంటకు ఎన్ని పిక్కలు? నాలుగు చేరిన గుంటను మధ్యలోనే ఎత్తుకోవచ్చా, కూడదా? ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టు? పదిహేనూ దిగకముందే మేకలు కదలొచ్చా? ఈ ఆటల నియమాలు ఏ పుస్తకంలోనూ ఒకేలా ఉండవు. ఊరూరికీ, ఇంటింటికీ వేరు. అమ్మమ్మ ఒకటంటుంది, నాయనమ్మ కాదంటుంది. ఇద్దరినీ కూర్చోబెట్టి తేల్చుకోవాల్సిందే. ఈ పలక చేయడంలో ఉలికి లొంగనిది ఏదైనా ఉంటే అది ఆ పంచాయితీనే. కానీ ఆ మాటలు ఇప్పుడు అడిగి రాసుకోకపోతే, తర్వాత అడుగుదామన్నా చెప్పేవాళ్లుండరు. మామిడి చెక్క మళ్లీ దొరుకుతుంది.